ఎండిపోయిన మార్కర్‌తో మళ్లీ రాయించడం ఎలా?

తిరుపతి బైరాగిపట్టెడలో సాయంత్రం ట్యూషన్లు మొదలయ్యే వేళకు నా అంగడి ముందర ఒక్కరైనా మార్కర్ పట్టుకొని నిలబడి ఉంటారు. కొనడానికి కాదు, పంచాయితీకి. మూత పీకి, నా బిల్లు పుస్తకం అట్ట మీద రెండు గీతలు గీకి చూపిస్తారు. గీత పడదు, కిర్రుమని చప్పుడు మాత్రం వస్తుంది. "అన్నా, మొన్ననే కదా తీసుకుపోయింది! లోపల ఇంకు అట్లే ఉంది. రాయదే!"

వీళ్లలో ట్యూషన్ సార్లు ఎక్కువ. మామిడి సీజన్లో దామలచెరువు తట్టు నుంచి పెట్టెల మీద గుర్తులేసే లావు మార్కర్లు వస్తాయి. నడిచి కొండెక్కేవాళ్లు అలిపిరిలో సామాను అప్పజెప్పే ముందు బ్యాగు మీద పేరు రాసుకుందామని చూస్తే, ఇంటి నుంచి తెచ్చుకున్న మార్కర్ రాయదు. పిలకాయల స్కెచ్ పెన్నులు తెచ్చే అమ్మలు సరేసరి. ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి, అంతా ఒకచోట రాసి పెడుతున్నాను. కొత్తది అమ్మితే నాకు మూడో నాలుగో రూపాయలు మిగులుతాయి, నిజమే. కానీ ఇంకు నిండా ఉన్న మార్కర్‌ని చెత్తబుట్టలో వేస్తుంటే చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు.

ముందు తేల్చుకోండి: ఎండిందా, అయిపోయిందా?

ఈ రెండూ ఒకటి కాదు. ఎండిపోవడం అంటే రంగు లోపలే ఉంది, దాన్ని పారించే ద్రవం ఆవిరైపోయింది. అలాంటిది బతుకుతుంది. అయిపోవడం అంటే రంగే లేదు. అందులో ఎంత స్పిరిట్ పోసినా పలచటి పులుసే.

తేడా ఎట్లా తెలుస్తుంది? మిమ్మల్ని మీరే ఒక ప్రశ్న అడగండి. నిన్నటిదాకా ముదురుగా రాసి, మూత లేకుండా వదిలేసిన మర్నాటికి ఒక్కసారిగా ఆగిపోయిందా? అయితే ఎండింది. వారం పది రోజులుగా రోజు రోజుకీ పలచనవుతూ వచ్చి ఆగిపోయిందా? అయితే చాలావరకు అయిపోయినట్టే. ఊపి బరువు చూసి చెప్పడం కుదరదు. మార్కర్ బరువులో ప్లాస్టిక్కే ఎక్కువ.

రెండో ప్రశ్న: నీళ్ల ఇంకా, స్పిరిట్ ఇంకా?

ఇక్కడ తప్పటడుగు వేస్తే మిగతాదంతా వృథా. పర్మనెంట్ మార్కర్, వైట్‌బోర్డ్ మార్కర్, సీడీ మార్కర్ లాంటివి ఎక్కువగా స్పిరిట్ జాతి. స్కెచ్ పెన్నులు, హైలైటర్లు నీళ్ల జాతి. మెటల్ మీద, టైర్ల మీద రాసే పెయింట్ మార్కర్లు మూడో జాతి, వాటి సంగతి చివర్లో చెప్తాను.

పైన రాసింది చెరిగిపోయి ఏ జాతో తెలియకపోతే ఇలా చూడండి. టిష్యూ కాగితం ముక్కని నీళ్లలో తడిపి నిబ్బు మీద పది సెకన్లు అదిమి పట్టుకోండి. రంగు బాగా పాకితే అది నీళ్ల ఇంకు. నీళ్లకు రంగు రాకుండా, ఇంకో ముక్కని స్పిరిట్‌తో తడిపి అదిమితే వచ్చిందా, స్పిరిట్ ఇంకు. నీళ్లతోనే ముందు చూడాలి. నీళ్ల ఇంకుల్లో కొన్ని స్పిరిట్‌కు కూడా రంగు వదులుతాయి కాబట్టి వరస మారిస్తే మోసపోతారు.

కావాల్సినవి

ఐసోప్రొపైల్ ఆల్కహాల్. నేను స్పిరిట్ అంటున్నది దీన్నే. 99 శాతం అని రాసినది దొరికితే అంతకంటే మంచిది లేదు. సెల్‌ఫోన్లు బాగుచేసేవాళ్లు బోర్డులు తుడవడానికి వాడేది ఇదే. వాళ్లకు సరుకు అమ్మే ఎలక్ట్రానిక్స్ అంగళ్లలో అడగండి. 70 శాతందైనా పని చేస్తుంది, కాకపోతే అందులో మిగతాది నీళ్లు. నున్నటి ప్లాస్టిక్ మీద రాసేటప్పుడు గీత ముత్యాల మాదిరి చిట్లుతుంది, ఆరడానికీ టైము పడుతుంది.

అది లేకపోతే మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్. దీంతో ఒక చిక్కుంది. కొన్ని రకాల్లో చర్మానికి మెత్తగా ఉండాలని ఆముదం లాంటివి కలుపుతారు. కొన్న వెంటనే ఒక చుక్క అద్దం మీద వేసి ఆరనివ్వండి. ఆరిన చోట వేలు పెట్టి రుద్దితే జిడ్డు తగిలిందా, దాన్ని మార్కర్‌లో పోయొద్దు. ఏమీ తగలకపోతే నిశ్చింతగా వాడండి.

సూది లేని చిన్న సిరంజి, లేదా పిలకాయల మందుసీసాతో వచ్చే ఫిల్లర్. రెండు మి.లీ. సిరంజి చాలు. కనుబొమ్మలకు వాడే ప్లక్కర్ ఒకటి. అంచు మొద్దుబారిన చిన్న చాకు. పాత దినపత్రిక, టిష్యూలు, చేతులకు ఒక పాలిథిన్ కవరు. గ్లవ్స్ ఉంటే ఇంకా మేలు. ఎరుపు, నలుపు రంగులు గోళ్ల సందుల్లోకి దిగితే రెండు మూడు రోజులు అన్నం కలుపుకునేటప్పుడల్లా కనిపిస్తాయి.

స్పిరిట్ అగ్గి పట్టుకునే సరుకు అని మరిచిపోవద్దు. మన ఊరి ఎండలో దాని ఆవిరి తొందరగా లేస్తుంది, గాలి కంటే బరువు కాబట్టి కిందికి పాకుతుంది. వంటింట్లో, దేవుడి గూటి దగ్గర, దీపం ఊదుబత్తి వెలుగుతున్న గదిలో ఈ పని పెట్టుకోవద్దు. వరండాలోనో, కిటికీ తీసిన గదిలోనో కూర్చోండి. పిలకాయలు పక్కన ఉంటే స్పిరిట్ సీసా మూత మీ చేతిలోనే ఉండాలి.

పైసా ఖర్చు లేకుండా ముందు ఇది చేయండి

ప్రతి ఎండిన మార్కర్‌కీ స్పిరిట్ అక్కర్లేదు. నా దగ్గరికి వచ్చేవాటిలో చాలావాటిని సిరంజి తీయకుండానే తిరిగి పంపిస్తాను.

1. మూత గట్టిగా బిగించి, నిబ్బు కిందికి ఉండేలా ఒక గ్లాసులో నిలబెట్టి రాత్రంతా వదిలేయండి. పెన్ను స్టాండులో నిబ్బు పైకి పెట్టి నెలల తరబడి ఉంచిన మార్కర్‌లో ఇంకు అడుగుకు దిగిపోయి ఉంటుంది. తెల్లారేసరికి నిబ్బు దగ్గరికి వస్తుంది. వైట్‌బోర్డ్ మార్కర్లకు ఇది బాగా పని చేస్తుంది.

2. అంత ఓపిక లేకపోతే, మూత మీద రెండు చుట్లు టేపు వేసి, మార్కర్ వెనక వైపు గట్టి దారం కట్టి ఆరుబయట గిరగిరా తిప్పండి. చేల కాడ పిట్టల్ని తోలే ఒడిసెల తిప్పినట్టు. ఇరవై ముప్పై చుట్లు చాలు. దారం వెనకవైపే కట్టాలి, నిబ్బు బయటి వైపుకు ఉండాలి. ఇంట్లో తిప్పొద్దు. మూత ఊడితే సున్నం గోడ మీద వచ్చే చుక్కల వరస చూసి ఇల్లు గలవాళ్లు ఏమంటారో నేను చెప్పక్కర్లేదు.

3. వైట్‌బోర్డ్ మార్కర్ అయితే నిబ్బుని దగ్గరగా చూడండి. చెరిపిన పొడి మీదే మళ్లీ మళ్లీ రాస్తే ఆ పొడి నిబ్బుకు పూత మాదిరి పట్టి నున్నగా మెరుస్తూ ఉంటుంది. ఇంకు లోపల ఉన్నా బయటికి దారి లేదు. స్పిరిట్‌తో తడిపిన టిష్యూ మీద నిబ్బుని పక్కలకు తిప్పుతూ రుద్దండి. ముందు బూడిద రంగు మురికి వస్తుంది, తర్వాత అసలు రంగు వస్తుంది. అసలు రంగు కనిపించిందంటే పని అయిపోయింది.

ఈ మూడింటికీ లొంగకపోతే అప్పుడు లోపలికి చుక్కలు పోయాలి.

స్పిరిట్ మార్కర్లకు అసలు వైద్యం

లోపల ఏముందో ఒక్క మాటలో చెప్తాను, ఎందుకంటే అది తెలిస్తే ఎంత పోయాలో మీకే అర్థమవుతుంది. మార్కర్‌లో ఇంకు సీసాలో నీళ్ల మాదిరి ఉండదు. పొడుగాటి దూది వత్తి లాంటిది ఒకటి ఉంటుంది, ఇంకు దాన్ని పట్టుకొని ఉంటుంది. ప్రమిదలో నూనె వత్తి పట్టి పైకి పాకినట్టే ఇంకు వత్తి నుంచి నిబ్బుకు పాకుతుంది. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ల కలం చూసిన వాళ్లకు ఇంకా తేలిక. చెక్కిన వెదురు పుల్లకు మొన పైన గుడ్డో ఉన్నో చుట్టి దారం బిగిస్తారు. ఆ చుట్ట రంగు పీల్చుకుంటుంది, వేళ్లతో మెల్లగా నొక్కితే మొనలోకి దిగుతుంది. మీ చేతిలో మార్కర్ దాని ప్లాస్టిక్ తమ్ముడు.

4. టేబుల్ మీద పేపరు నాలుగు మడతలు పరవండి. మూత తీసి నిబ్బుని స్పిరిట్‌లో పది పదిహేను సెకన్లు మాత్రమే ముంచి తీయండి. సీసా మూతలో పోసుకున్న రవ్వంత స్పిరిట్ చాలు. తీసి, పేపరు మీద సున్నాలు చుట్టండి. రంగు ముదురుగా వచ్చి ఆగకుండా రాస్తే ఇక్కడితో ఆపేయండి, ఎండింది నిబ్బు ఒక్కటే. నాలుగు సున్నాలు రాసి మళ్లీ పలచబడితే తర్వాతి మెట్టుకు పోవాలి.

5. వెనక బిరడా చూడండి. కొన్ని మార్కర్ల అడుగున చిన్న ప్లాస్టిక్ మూత విడిగా బిగించి ఉంటుంది. మొద్దు చాకు అంచుని ఆ సందులో పెట్టి, ఒకే చోట ఎత్తకుండా చుట్టూ కొంచెం కొంచెం లేపండి. చాకు మీ వైపు కాకుండా బయటికి ఉండాలి. టప్పుమని ఊడుతుంది. లోపల సిగరెట్టు ఫిల్టర్ మాదిరి గుండ్రంగా, అంచున సన్నటి ప్లాస్టిక్ తొడుగుతో కనిపించేదే వత్తి. దాన్ని బయటికి లాగొద్దు.

బిరడా లేకుండా ఒకే ముక్కగా ఉన్న మార్కర్ అయితే వెనక నుంచి కుదరదు. ప్లక్కర్‌తో నిబ్బుని పట్టి, ఊపకుండా నిటారుగా లాగండి. పళ్లతో లాగడం, కటింగ్ ప్లేయర్‌తో నలిపేయడం వద్దు. నలిగిన నిబ్బు మళ్లీ ఒకే మందంలో గీత గీయదు.

6. సిరంజిలోకి స్పిరిట్ తీసుకొని, లావు మార్కర్‌కు అర మిల్లీలీటరు, వైట్‌బోర్డ్ మార్కర్‌కూ అంతే, సన్నటి సీడీ మార్కర్‌కు నాలుగైదు చుక్కలు వేయండి. వత్తి నడిమధ్యలో, ఒక్కో చుక్కా. చుక్క పీల్చుకున్నాకే తర్వాతి చుక్క. చుక్క పైన తేలి నిలబడిపోయిందంటే వత్తి ఇంక తీసుకోనంటున్నట్టు. అక్కడ ఆపేయాలి.

7. బిరడా బిగించండి. నిబ్బు తీసి ఉంటే అదే వైపు లోపలికి పోయేలా పెట్టి, బల్ల మీద మెల్లగా అదమండి. కొన్ని మార్కర్లలో నిబ్బు రెండు కొసలూ ఒకే రకంగా ఉంటాయి. అలాంటివైతే అరిగిన కొసను లోపలికి తిప్పుకోవచ్చు, కొత్త మొన వచ్చినట్టే.

8. మూత పెట్టి, మార్కర్‌ని పడుకోబెట్టి వదిలేయండి. ఎంతసేపు? జనానికీ నాకూ పేచీ ఇక్కడే వస్తుంది. ఐదు నిమిషాలు చూసి, రాయలేదని ఇంకో మిల్లీలీటరు పోస్తారు. ఎండి గట్టిపడిన రంగు కరిగి, వత్తి అంతటా పాకడానికి గంటలు పడుతుంది. రాత్రి చేసి పొద్దున చూడండి. మరీ తొందరగా ఉంటే కనీసం రెండు గంటలు ఆగండి.

9. పొద్దున పేపరు మీద రాయండి. ముదురుగా వస్తే సరే. కొంచెం పొడిబారినట్టుంటే ఇంకో నాలుగు చుక్కలు వేసి మళ్లీ రెండు గంటలు. మూడోసారి పోయడం నేను చేయను. రెండుసార్లకు రాయనిది మూడోసారికి కారుతుంది.

ఈ మాట అనుభవంతో చెప్తున్నా. కొన్నేళ్ల కిందట ఒక ఎర్ర మార్కర్‌ని పట్టుదలగా మూడుసార్లు తడిపి, రాస్తోంది కదా అని జేబులో పెట్టుకొని చిత్తూరులో పెళ్లికి బస్సెక్కాను. ఎండాకాలం, కిటికీ పక్క సీటు. కారులోనైనా బస్సులోనైనా వేడికి మార్కర్ లోపలి గాలి ఉబ్బి ఇంకుని ముందుకు నెడుతుందని నాకు అప్పటికి తెలియదు. పూతలపట్టు దాటేసరికి తెల్ల చొక్కా మీద గుండె దగ్గర అరచేయంత మరక. పక్కన కూర్చున్న పెద్దాయన "ఏమైంది నాయనా, దెబ్బ తగిలిందా?" అని కంగారు పడ్డాడు. పెళ్లిలో ఫొటోలన్నింటిలో నేను చేతులు కట్టుకొనే ఉంటాను.

స్పిరిట్ దొరకని చోట శానిటైజర్ వాడొచ్చా అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. నీళ్ల మాదిరి పలచగా ఉండేదైతే అవసరానికి వాడొచ్చు. అందులో ఎక్కువ భాగం ఆల్కహాలే. కొంచెం గ్లిసరిన్ ఉంటుంది కాబట్టి గీత ఆరడం ఆలస్యమవుతుంది. జెల్ మాత్రం వద్దే వద్దు. ఆ జిగురు వత్తిలో కూర్చుంటే తర్వాత స్పిరిట్ పోసినా దిగదు. సెంటు, డియోడరెంట్ కొడితే రాస్తుంది, ఒక పూట. దాంట్లోని సువాసన నూనెలు వత్తికి పట్టుకుంటాయి. గోళ్ల రంగు తీసే రిమూవర్ కొన్ని ప్లాస్టిక్కుల్ని కరిగిస్తుంది, బిరడా అతుక్కుపోయి ఇక రాదు. పెట్రోలు పేరు కూడా ఎత్తొద్దు.

వైట్‌బోర్డ్ వాళ్లకు ఇంకో మాట

మార్కర్ ఎండలేదు, అయిపోయింది అని తేలితే కొన్ని కంపెనీల మార్కర్లకు రీఫిల్ ఇంకు సీసాలు దొరుకుతాయి. పాతిక ముప్పై రూపాయల మార్కర్ ఒకటి పారేయడం కంటే ఇది లాభం, రోజుకు నాలుగు బ్యాచులు చెప్పే సార్లకు మరీ. చుక్కలు వేసే పద్ధతి పైన చెప్పిందే. కానీ సీసా మీద వైట్‌బోర్డ్ అనే ఉందో లేదో రెండుసార్లు చదవండి.

ఒకసారి నేనే తప్పు చేశాను. పర్మనెంట్ ఇంకు సీసా, వైట్‌బోర్డ్ ఇంకు సీసా ఒకే సైజు, ఒకే నలుపు. గిరాకీ తొక్కిసలాటలో లెక్కల సార్‌కి పర్మనెంట్‌ది ఇచ్చి పంపాను. మర్నాడు ఆయన ఫోను: "బోర్డు మీద త్రికోణమితి సూత్రాలు పోవడం లేదయ్యా, బ్యాచంతా నవ్వుతోంది." పోయి చూస్తే డస్టర్ అరిగిందే కానీ అక్షరం కదల్లేదు.

మీకూ ఇలాగైతే కంగారు పడొద్దు. ఆ పర్మనెంట్ గీతల మీదే మంచి వైట్‌బోర్డ్ మార్కర్‌తో దట్టంగా రుద్దినట్టు రాసి, తడి ఆరకముందే పొడి గుడ్డతో తుడవండి. కొత్త ఇంకులోని స్పిరిట్ పాత ఇంకుని కరిగిస్తుంది, రెండూ కలిసి గుడ్డకు వచ్చేస్తాయి. మిగిలిన నీడ మీద స్పిరిట్ గుడ్డ వేయండి. స్టీలు పీచుతో మాత్రం తోమొద్దు. బోర్డు మీది నున్నటి పొర గీసుకుపోతే ఆ తర్వాత మామూలు వైట్‌బోర్డ్ ఇంకు కూడా చెరగదు. ఆ సార్‌కి పర్మనెంట్ ఇంకు పోసిన మార్కర్లు రెండింటికీ బదులు కొత్తవి ఇచ్చాను. పర్మనెంట్ ఇంకు తాగిన వత్తిని మళ్లీ వైట్‌బోర్డ్‌కు మార్చడం కుదరదు.

స్కెచ్ పెన్నులు, హైలైటర్లు

ఇవి తేలిక. వెనక బిరడా ప్లక్కర్‌తో లాగి, వత్తి మీద కాచి చల్లార్చిన నీళ్లు మూడు నాలుగు చుక్కలు వేయండి. బోరు నీళ్లు వద్దు, సున్నం ఎక్కువ ఉన్న నీళ్లయితే నిబ్బు దగ్గర తెల్లగా పేరుకుంటుంది. మూత పెట్టి, నిబ్బు కిందికి పెట్టి రాత్రంతా ఉంచండి. బిరడా రాకపోతే నిబ్బుని గోరువెచ్చటి నీళ్లలో ఐదు సెకన్లు ముంచి, తుడిచి, మూత పెట్టండి.

పిలకాయలు నాలుకతో తడిపి రాస్తారు. మాన్పించండి. నోటి తడితో పాటు మురికీ నిబ్బులోకి పోతుంది, మూసి ఉంచితే వాసన కూడా వస్తుంది. ఇంకో సంగతి: పసుపు హైలైటర్‌ని బాల్‌పెన్ గీతల మీద గీసి గీసి దాని మొన నల్లబడి ఉంటే నీళ్లతో తడపడానికి ముందు తెల్ల కాగితం మీద ఆ నలుపు పోయేదాకా రుద్దండి. లేకపోతే ఆ నలుపు లోపలికి పాకి పసుపంతా బురద రంగవుతుంది.

డ్రాయింగ్ పోటీలకు వాడే యాక్రిలిక్ మార్కర్లు చూడటానికి నీళ్ల జాతే. కానీ ఆ రంగు ఒకసారి ఆరితే నీళ్లకు కరగదు. నిబ్బు కొస ఒక్కటే ఎండి ఉంటే కడిగి, తిప్పి పెట్టి చూడండి. లోపలంతా ఎండితే ఆశ వదులుకోండి.

పెయింట్ మార్కర్లు

లోపల చిన్న గోళీ గలగలమంటుంది, నిబ్బుని నొక్కితే లోపలికి పోతుంది. ఇందులో వత్తి ఉండదు, పెయింటే ఉంటుంది. మూత పెట్టి రెండు నిమిషాలు బాగా ఊపి, నిబ్బుని పేపరు మీద పది పదిహేనుసార్లు నొక్కి వదలండి. రాకపోతే నిబ్బు ఊడదీసి పెయింట్ థిన్నర్‌లో నానబెట్టి తుడిచి పెట్టండి. నొక్కేటప్పుడు మొహం దూరంగా ఉంచండి, ఒక్కోసారి చిమ్ముతుంది. థిన్నర్ వాసన తల తిప్పుతుంది, మేడ మీద చేసుకోండి.

బాగైందో లేదో ఎలా తెలుసుకోవాలి?

రెండు గీతలు గీసి "రాస్తోంది" అని మురిసిపోతే మర్నాడు మళ్లీ నా అంగడికే వస్తారు. ఇవి చూడండి.

కారుడు: మూత తీసి, నిబ్బు కిందికి పెట్టి టిష్యూకి కొంచెం పైన ఒక నిమిషం పట్టుకోండి. చుక్క పడకూడదు, నిబ్బు కొసన బొట్టు ఊరకూడదు. ఊరితే మూత లేకుండా ఐదు పది నిమిషాలు టిష్యూ మీద నిలబెట్టండి, ఎక్కువైన స్పిరిట్‌ని టిష్యూ లాగేసుకుంటుంది.

ముదురు: అగ్గిపెట్టె సైజు డబ్బా గీసి లోపల నింపండి. మొదటి గీతకూ చివరి గీతకూ రంగు ఒకేలా ఉండాలి. చివరికొచ్చేసరికి పలచబడితే ఇంకు అయిపోవస్తోందని అర్థం, చుక్కలు తక్కువై కాదు.

పట్టు: పర్మనెంట్ అయితే పాత ప్లాస్టిక్ డబ్బా మీద రాసి, రెండు నిమిషాలు ఆరనిచ్చి, తడి బొటనవేలితో రుద్దండి. మసక బారితే స్పిరిట్‌లో నీళ్లు ఎక్కువున్నాయి, లేదా జిడ్డుంది. వైట్‌బోర్డ్ అయితే దీనికి తలకిందులు: బోర్డు మూలన చిన్నగా రాసి, రాత్రంతా వదిలి, పొద్దున పొడి డస్టర్‌తో తుడవండి. పోవాలి. పోకపోతే ఆ మార్కర్‌ని బోర్డు దగ్గరికి రానివ్వొద్దు, అట్టపెట్టెల మీద రాసుకోవడానికి ఉంచుకోండి.

మర్నాటి పరీక్ష: మూత బిగించి ఒక రాత్రి ఉంచి మళ్లీ రాయండి. మళ్లీ ఎండితే మీ వైద్యంలో తప్పు లేదు, తప్పు మూతది.

మూత సంగతి

మూతకు సన్నటి చీలిక ఉంటే కంటికి కనపడదు. మూత లోపల నిబ్బు కూర్చునే చిన్న గొట్టం ఉంటుంది. దాంట్లో రెండు చుక్కలు నీళ్లు వేసి టిష్యూ మీద నిలబెట్టండి, టిష్యూ తడిస్తే చీలినట్టు. పై అంచున కనిపించే చిల్లు చూసి మాత్రం భయపడొద్దు. పిలకాయలు మూత మింగినా ఊపిరి ఆడాలని కొన్నింటికి కావాలనే పెడతారు, నిబ్బు కూర్చునే గొట్టానికి దాంతో సంబంధం ఉండదు. చీలిన మూతకు చుట్టూ టేపు వేయండి. లేకపోతే అదే కంపెనీ అదే రకం పాత మార్కర్ మూత వాడండి. ఇందుకే నా అంగడిలో చచ్చిపోయిన మార్కర్ల మూతలు ఒక డబ్బా నిండా ఉంటాయి, అడిగిన వాళ్లకు ఊరికే ఇస్తాను.

మూత పెట్టినప్పుడు టిక్కుమని చప్పుడు రావాలి. క్లాసులో బోర్డు మీద సగం రాసి, చేత్తో మార్కర్ పట్టుకొని పావుగంట పాఠం చెప్పే సార్లు ఒకటి గుర్తుంచుకోండి, పైన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మరి మూత లేని నిబ్బెంత? రాయనప్పుడు మార్కర్‌ని పడుకోబెట్టండి. బండి డిక్కీలో, కారు అద్దం కింద వదలొద్దు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

నిబ్బుని కప్పులో స్పిరిట్‌లో గంటసేపు నానబెట్టడం. కప్పులో రంగు చూసి "ఇంకు వచ్చేసింది" అని సంతోషపడతారు. వచ్చేసింది నిజమే, కప్పులోకి! మార్కర్‌లో ఏమీ మిగల్లేదు.

స్పిరిట్ మార్కర్‌లో నీళ్లు పోయడం. రంగు కరగకపోగా గడ్డకట్టి వత్తి మూసుకుపోతుంది. ఆ తర్వాత స్పిరిట్ పోసినా పూర్తిగా కోలుకోదు.

నిబ్బు మెత్తబడాలని గరుకు గోడకో, ఉప్పు కాగితానికో రుద్దడం. నారలు విడిపోయి చీపురు మాదిరి అవుతుంది. ఇప్పటికే అలా అయిపోయి ఉంటే కొత్త బ్లేడుతో విడిపోయిన కొసని ఏటవాలుగా ఒక్క కోతతో తీసేయండి. గీత కొంచెం లావవుతుంది, అంతే.

వేడి చేయడం. స్టవ్ మీద, హెయిర్ డ్రయ్యర్‌తో, ఎండలో పెట్టి. ఎండిన దాన్ని ఇంకా ఎండబెట్టడమే ఇది. స్పిరిట్ పోశాక చేస్తే అగ్గి ప్రమాదం కూడా.

చేతికి అంటిన రంగుకు దూదితో రవ్వంత స్పిరిట్ అద్ది తుడిచి, వెంటనే సబ్బుతో కడుక్కొని కొబ్బరినూనె రాసుకోండి. చొక్కా మీద పడితే నీళ్లు తగలనివ్వకముందే, మరక కింద టిష్యూ మడత పెట్టి, పై నుంచి స్పిరిట్ దూదితో అద్దండి, రుద్దకుండా. రంగు కింది టిష్యూలోకి దిగుతుంది. టిష్యూ మారుస్తూ పోండి. లేత మరకలు చాలావరకు పోతాయి. నా పెళ్లి చొక్కా మరక పోలేదు, దాన్ని ఇప్పుడు ఈ రిపేర్లు చేసేటప్పుడు వేసుకుంటున్నాను.